అడ్డం సారు ఎన్‌లార్జర్‌కి నేనే బరువు

మధ్యాహ్నం పన్నెండున్నర. పొద్దుటినుంచి ఆగకుండా సన్నగా తుంపర. నా కడుపులో ఎలుకలు పరిగెడుతున్నాయి. చేతిలో క్యారేజీ ఉంది, కానీ కూర్చుంటే నడుం పట్టేస్తుంది. అందుకని గోడౌన్‌కి ఎదురింటి అరుగు పక్కన, గోడకి ఆనుకుని నిలబడి, క్యారేజీ మూత ఎలా తీయాలా అని చూస్తున్నాను. అప్పుడు కిటికీలోంచి ఒక గొంతు వినిపించింది.

"ఏమోయ్! నిలబడకు. నిలబడ్డదేదైనా పడుతుంది."

ఆ ఇంట్లో అద్దెకుండే అడ్డం సారుకున్న పిచ్చి ఈ ఒక్క మాటలో ఉంది. లోకంలో నిలువుగా ఉన్న దేన్నీ ఆయన నమ్మడు. ఆయన గదిలో బీరువా వెల్లకిలా పడుకుని ఉంటుంది. చొక్కా కావాలంటే తలుపు పైకెత్తి, బావిలో పడ్డ చెంబు కోసం వెతికినట్టు లోపలికి వంగాలి. గోడ గడియారం నేలమీద ఆకాశం చూస్తూ ఉంటుంది. టైము చూడాలంటే దాని మీదకి వంగి తొంగి చూడాలి. గొడుగు, చీపురు, సైకిలు అన్నీ పడకే. వాకిట్లో పడుకున్న ఆ సైకిలు తగిలి, ఇల్లు అద్దెకిచ్చిన ఇంటావిడ ఎన్నిసార్లు బోర్లా పడిందో ఆవిడకే తెలియదు.

"చూశారా, నేను చెప్పలా? నిలబడి నడుస్తున్నారు కాబట్టే పడ్డారు," అనేవాడు ఆయన, ఆవిణ్ణి లేవదీస్తూ.

గోడౌన్‌లో బస్తాలు మోసే మేమంతా ఆయన్ని అడ్డం సారు అనేవాళ్లం. ఆయనకీ ఆ సంగతి తెలుసు. నిలువు సారు అనలేదు, అంతే చాలు అనేవాడు.

ఈ పిచ్చి ఎలా వచ్చింది సారూ అని అడిగితే, అడిగిన మనిషిని బట్టి జవాబు మారేది. నాతో ఏమన్నాడంటే, స్టూడియోలో పనిచేసే రోజుల్లో కెమెరా స్టాండు పెళ్లికొడుకు నెత్తిన పడిందట. ఇంటావిడతో, చిన్నప్పుడు పుస్తకాల బీరువా తన మీద పడిందన్నాడు. పాలవాడితో ఏకంగా కరెంటు స్తంభం పడిందన్నాడు.

"ఇందులో ఏది నిజం సారూ?"

"ఏదైతే నీకెందుకు? అన్నీ నిలబడే కదా పడ్డాయి!"

నలభై ఏళ్లు ఫొటో స్టూడియోలో పనిచేసిన మనిషి. జనం చేతుల్లోకి ఫోన్లు వచ్చాక స్టూడియో మూతపడింది. "ఆ ఫోన్లు కూడా నిలువుగానే పట్టుకుంటారు, అందుకే రోజుకో చోట పడేసుకుంటారు," అనేవాడు.

ఇక ఆ తుంపర రోజు సంగతి. అప్పటికి నెల మొదలై రెండు రోజులే.

"నీ బరువెంత?" అని అడిగాడు కిటికీలోంచి.

"డెబ్బై కిలోలు. బస్తా ఎత్తితే నూట ఇరవై."

"బస్తా అక్కర్లేదు. డెబ్బై చాలు. లోపలికి రా, నాకు బరువు కావాలి."

పిలిచింది మూట ఎత్తడానికి అనుకుని నా గుండె జారిపోయింది. ఎందుకంటే ఆ వారమే మా మేస్త్రీ నన్ను పక్కకి పిలిచి చెప్పాడు. "నువ్వు రెండు నెలల్నించి కుంటుతున్నావ్. బస్తాకి మధ్యలో ఎవరో చెయ్యెయ్యాల్సి వస్తోంది. ఈ నెలాఖరు రోజున అందరి ముందూ ఒక బస్తా ఒక్కడివే ఎత్తి లారీ ఎక్కించు. ఎక్కించావా, ఉంటావు. లేకపోతే వేరే మనిషిని చూసుకుంటా. నన్ను తిట్టుకోకు."

డాక్టరు దగ్గరికి వెళితే ఆయన సులువైన మందు రాశాడు. రోజూ మధ్యాహ్నం గంటసేపు గట్టి చెక్క మీద కదలకుండా వెల్లకిలా పడుకోవాలట. నాకు నవ్వొచ్చింది. హమాలీ మధ్యాహ్నం గంటసేపు పడుకోవడమా! గోడౌన్‌లో పడుకుంటే మేస్త్రీ నెలాఖరు దాకా కూడా ఆగడు. ఇంటికి పోయి పడుకుందామంటే నడిచేసరికే భోజనాల గంట అయిపోతుంది. పైగా నలుగురూ చూస్తుండగా పట్టపగలు నడుం వాల్చడం నావల్ల కాదు. ఈ సంగతి మా ఆవిడకి తప్ప ఎవరికీ చెప్పలేదు.

సారు నన్ను వెనకగదిలోకి తీసుకెళ్లాడు. కిటికీలకి నల్లగుడ్డలు, తలుపు సందుల్లో పాత సైకిలు ట్యూబు ముక్కలు. గది ఈ చివర ఏదో వింత యంత్రం, ఆ చివర ఖాళీ గోడ.

"ఇది డార్క్‌రూమ్. ఇది ఎన్‌లార్జర్. చిన్న ఫిల్ముని పెద్ద బొమ్మగా చేస్తుంది. బజార్లో దొరికేది నిలువు ఎన్‌లార్జర్. ఒక స్తంభం, దాని పైన బరువైన తలకాయ, ఆ తలకాయ కిందికి చూస్తూ వేలాడుతుంది. ఎవడో బుద్ధిలేనివాడు చేశాడు. నాది అడ్డం ఎన్‌లార్జర్. ఇది మర్యాదగా గోడ వైపు చూస్తుంది."

"ఏం లాభం సారూ?"

"నిలువుదైతే తలకాయ ఎత్తేకొద్దీ ఇంటి కప్పు తగులుతుంది. నాది వెనక్కి జరుపుకుంటూ పో, బొమ్మ పెద్దదవుతూనే ఉంటుంది. ఈ గోడ నుంచి ఆ గోడ దాకా అంతా నాదే!"

నిజం చెప్పాలంటే చూడ్డానికి ముచ్చటగానే ఉంది. ఆయన స్టూడియో కెమెరాయే, పెద్ద చెక్కపెట్టె, ముందు హార్మోనియానికి ఉన్నట్టు మడతల తిత్తి. దాన్ని వెనకనుంచి వాడుతున్నాడు. ఇదివరకు బయటి వెలుగు లోపలికి పోయేది, ఇప్పుడు లోపలి వెలుగు బయటికి రావాలి. వెలుగు కోసం పెద్ద బిస్కెట్ల డబ్బాలో పాలరంగు బల్బు పెట్టాడు. బల్బుకీ ఫిల్ముకీ మధ్య తెల్లటి మసక అద్దం. ఇవన్నీ ముందుకీ వెనక్కీ జరగడానికి కింద రెండు ఇనప పట్టాలు.

"ఈ పట్టాలు ఎక్కడివి సారూ?"

"నా మంచానివి."

"మరి మీరు ఎక్కడ పడుకుంటున్నారు?"

"నేలమీద. అంతకన్నా అడ్డం ఇంకోటి లేదు కదా."

ఇక నా పని చెప్పాడు. యంత్రం అడుగున, నేలకి జానెడు ఎత్తులో ఒక పొడుగాటి టేకు పలక ఉంది. దాని ఒక చివర యంత్రం కిందున్న నల్లగుడ్డలోకి వెళ్తుంది.

"నీ గోడౌన్ లారీలు వచ్చినప్పుడల్లా ఈ ఇల్లు కదులుతుంది. ఇల్లు కదిలితే యంత్రం, యంత్రం కదిలితే బొమ్మ వణుకుతుంది. ఈ పలక మీద ఒక మనిషి బరువు ఉందనుకో, అంతా గట్టిగా కూర్చుంటుంది. నువ్వు వెల్లకిలా పడుకుని కదలకుండా ఉండాలి. అదే పని."

"రాళ్లు పెట్టుకోవచ్చు కదా సారూ?"

ఆయన నన్ను జాలిగా చూశాడు. "రాయి చచ్చిన బరువు. లారీ వణికితే అదీ వణుకుతుంది. మనిషిది బతికున్న బరువు, సర్దుకుంటుంది. సైన్సు. నీకు అర్థం కాదు."

నేను అయిదో క్లాసు దాకా చదివాను. ఆ తర్వాతి క్లాసుల్లో ఏం చెబుతారో నాకు తెలియదు కాబట్టి నమ్మాను. కూలీ ఇస్తానన్నాడు, రొట్టె, ఉడకబెట్టిన గుడ్లు పెడతానన్నాడు. పడుకోబోతుంటే నడుం కలుక్కుమంది, పళ్లు బిగించాను. ఆయన చూడలేదనుకున్నాను.

ఆ సాయంత్రం మా ఆవిడకి చెబితే ఆవిడ నమ్మలేదు.

"పడుకున్నందుకు కూలీ ఇస్తారా?"

"కూలీయే కాదు, గుడ్లు కూడా."

"అయితే మా అన్నయ్యని పంపించు. పుట్టినప్పటినుంచీ అదే అభ్యాసం."

అలా మొదలైంది. రోజూ పన్నెండున్నరకి గోడౌన్ గంట కొట్టగానే నేను ఎదురింట్లోకి వెళ్లేవాణ్ణి. సారు నా పేరు అడగలేదు. "వచ్చావా బరువూ? రొట్టె తిను. చేతులు తుడుచుకో. పడుకో," అనేవాడు. నేను పడుకున్నాక నా మీద నల్లగుడ్డ కప్పి, ఎర్రబల్బు వేసి, తలుపు మూసేవాడు. నా తల పైన యంత్రం, యంత్రం అవతల ఎక్కడో గోడ. అటు తల తిప్పి చూడకూడదని గట్టిగా చెప్పాడు. తల తిప్పితే బరువు పక్కకి పోతుందట.

"ఇప్పుడు వెలుగు వేస్తున్నా. ఊపిరి మెల్లగా పీల్చు."

"పీల్చనా, వద్దా?"

"పీల్చు. కానీ దొంగలాగా పీల్చు."

ఒకరోజు ముక్కు మీద దోమ వాలింది. దాన్ని కొడితే బొమ్మ పోతుంది, కొట్టకపోతే ముక్కు పోతుంది. కళ్లమ్మట నీళ్లు కారుతుండగా దాన్ని కడుపునిండా తాగనిచ్చాను. ఇంకోరోజు తుమ్ము వచ్చింది. పైపెదవి పళ్లతో నొక్కిపట్టి, ఆ తుమ్ముని ఎలాగో వెనక్కి మింగాను. అది ఎటు పోయిందో ఇప్పటికీ తెలియదు. హమాలీ పనిలో ఇరవై ఏళ్లు కష్టపడ్డాను గానీ, పడుకోవడంలో ఇంత కష్టం ఉంటుందని అనుకోలేదు.

వెలుగు ఆర్పాక కూడా లేవనిచ్చేవాడు కాదు. బట్టలు తీసేసి ఆ గదిలోకి చేర్చిన వెల్లకిలా బీరువాలో ప్లాస్టిక్ షీటు పరిచి, అందులో మందునీళ్లు పోసి, కాగితాన్ని అటూ ఇటూ ఊపేవాడు. "చూశావా, బీరువా నిలబడి ఉంటే ఈ పనికి వచ్చేదా?" అని మురిసిపోయేవాడు. తర్వాత బొమ్మని తీగకి ఆరేసి, నల్లగుడ్డలు తీసి కిటికీలు తెరిచేవాడు.

"ఇక లేవనా సారూ?"

"ఇప్పుడు లేస్తే దుమ్ము లేస్తుంది. తడి బొమ్మకి అంటుకుంటుంది. ఆరేదాకా అలాగే ఉండు."

నేను అలాగే ఉండేవాణ్ణి. ఉన్నవాణ్ణి ఉన్నట్టే నిద్రలోకి జారేవాణ్ణి. ఆరింది లే అని ఆయన తట్టేసరికి సరిగ్గా ఒంటిగంటన్నర కాబోతుండేది. గోడౌన్ గంటకి రెండు నిమిషాల ముందు. బొమ్మ రోజూ అదే టైముకి ఎలా ఆరుతుందో నేనెప్పుడూ ఆలోచించలేదు.

రెండో వారం దాటాక ఒకరోజు చేతిలో కాగితం ముక్క పట్టుకుని వచ్చాడు. ముందుగా చిన్న ముక్క మీద వెలుగు ఎంతసేపు వెయ్యాలో పరీక్షిస్తారట. ఆ ముక్క మీద ఒక చెవి ఉంది. పెద్ద చెవి. చాటంత.

"చూడు! ఈ చెవి అంచు వణికింది. ఎవరు కదిలారు?"

"నేను కదల్లేదు సారూ. కడుపు ఒకసారి గుర్రుమంది, అంతే."

"అదే! నీ కడుపు గుర్రుమంటే ఇక్కడ చెవి వణుకుతుంది. రేపటినుంచి ఇంకో గుడ్డు తిను."

నేను ఆ చెవి వంక పరీక్షగా చూశాను. "ఇదెవరిది సారూ? మనిషికి ఇంత చెవి ఉంటుందా? వర్షం వస్తే గొడుగు అక్కర్లేదు ఇతనికి."

"ఒక పెద్దమనిషిది."

"పెద్దమనిషి సంగతేమో గానీ, చెవులు మాత్రం పెద్దవే. ఇంట్లోవాళ్లు ఎలా భరిస్తున్నారో!"

సారు అటు తిరిగి చాలాసేపు దగ్గాడు. మందునీళ్ల ఘాటేమో అనుకున్నాను. ఆ తర్వాత రోజూ ఒకసారి ఆ చెవి గురించి నా చేత ఏదో ఒకటి అనిపించేవాడు. చెవి ఎలా ఉంది బరువూ అంటే, నేను దానికి కొత్త పేరు పెట్టేవాణ్ణి. ఒకరోజు అప్పడం, ఒకరోజు తలుపు రెక్క, ఒకరోజు విసనకర్ర. ఆయన దగ్గేవాడు.

ఎర్రవెలుగులో పడుకుని ఉంటే మనిషి నోరు జారుతుంది. ఒకరోజు నా అంతట నేనే అన్నాను. "నెలాఖరు తర్వాత నేను వస్తానో రానో సారూ."

"ఏం?"

"మేస్త్రీ బస్తా ఎత్తమన్నాడు. ఒక్కణ్ణే. ముప్పయ్యో తారీఖున. ఎత్తలేకపోతే ఈ వీధిలోకే రాను."

చీకట్లో మందునీళ్లు ఊగుతున్న చప్పుడు ఆగింది.

"బస్తాని నిలబెట్టి ఎత్తుతారా, పడుకోబెట్టి ఎత్తుతారా?" అని అడిగాడు.

"నిలబెట్టే సారూ."

"అదే తప్పు," అని, మళ్లీ బొమ్మ ఊపడం మొదలుపెట్టాడు. నా గోడు ఈయనకెందుకులే అని నేనూ ఊరుకున్నాను.

ముప్పయ్యో తారీఖు వచ్చింది. పొద్దున పదింటికి లారీ వచ్చింది. మేస్త్రీ ఒక బస్తా చూపించాడు. అందరూ పని ఆపి చుట్టూ చేరారు. నేను వంగాను. ఎప్పుడూ కలుక్కుమనే చోట ఏమీ అనలేదు. నాకే అనుమానం వచ్చి ఒక క్షణం ఆగాను, అది ఆలస్యంగా అంటుందేమోనని. అనలేదు. బస్తా వీపు మీదకి వచ్చింది. లారీకి ఆనించిన చెక్క మీద పన్నెండు అడుగులు నడిచి లారీలో దించాను.

మేస్త్రీ చుట్ట తీసి పక్కన పెట్టాడు. "ఊఁ. ఏం చూస్తున్నావ్? లారీ నిండా ఎక్కించాలి. ఒక్కటి చాలా?"

మా మేస్త్రీ ఇంతకన్నా బాగా ఎవరినీ మెచ్చుకోగా నేను వినలేదు.

పన్నెండున్నరకి గంట కొట్టగానే పరిగెత్తాను. ఈ మాట ముందు సారుకే చెప్పాలని ఎందుకనిపించిందో తెలియదు. వాకిట్లో సైకిలు లేదు. అలవాటుగా దాన్ని దాటబోయి, అది లేకపోవడం వల్ల తూలిపడబోయాను.

గుమ్మంలో ఇంటావిడ చీపురు పట్టుకుని నిలబడి ఉంది. చీపురు కూడా నిలబడి ఉంది.

"వెళ్లిపోయాడు," అంది.

"ఎక్కడికి?"

"వాళ్ల మేనల్లుడింటికి. ఆ అబ్బాయి ఈ నెల ఒకటో తారీఖునే వ్యాను తెస్తానన్నాడు. సామాను కూడా కట్టేశాడు. ఏమైందో ఏమో, నెల ఆగమన్నాడు. యంత్రం పని మిగిలిపోయిందట. సామానంతా విప్పి, మంచం కూడా విప్పేసి, నెలరోజులు నేలమీద పడుకున్నాడు మహానుభావుడు."

"నాకు ఒక్క మాట కూడా చెప్పలేదమ్మా."

"నాకు మాత్రం చెప్పాడా? ఎనిమిదింటికే వ్యాను వచ్చింది. ఎక్కితేనా! కిటికీ దగ్గర కెమెరా పెట్టెకి అతుక్కుని మీ గోడౌన్ వంకే చూస్తూ కూర్చున్నాడు. అందులో మనుషులు తలకిందులుగా కనిపిస్తారట కదా. ఇదివరకూ అంతే, రోజంతా అదే కాలక్షేపం. అందరూ తలకిందులుగా తిన్నగా పోతుంటే, ఒక్కడే తలకిందులుగా వంకరగా పోతున్నాడని ఒకరోజు తెగ బాధపడ్డాడు. ఇవాళ ఆ మేనల్లుడు హారన్ కొట్టీ కొట్టీ విసిగిపోయాడు. పది దాటాక 'సరే, ఎత్తాడు, పదండి' అని లేచాడు. ఎవడెత్తాడో, ఏమెత్తాడో!"

నేను వెనక్కి తిరిగి గోడౌన్ వంక చూశాను.

"వ్యాన్లో ముందు కూర్చోమంటే కూర్చోలేదు. సామాను మధ్యన పరుపు మీద వెల్లకిలా పడుకుని వెళ్లాడు. వీధి చివర వాళ్లు పోయాడనుకుని దణ్ణాలు పెట్టారు. పడుకునే చెయ్యి ఊపాడట, వాళ్లు హడలి చచ్చారు. సరే, నువ్వు వచ్చావు కదా, వెనకగదిలో ఆ దిమ్మె పగలగొట్టి పెట్టు. దాని మీదున్నదంతా పట్టుకుపోయి దాన్ని నాకు వదిలేశాడు."

"ఏ దిమ్మె?"

"యంత్రం కిందది. ఒకటో తారీఖుకి ముందే కట్టాడు, ఇటుకలూ సిమెంటూ పెట్టి. నేలంతా పాడుచేశాడని అప్పుడే పోట్లాడాను."

వెనకగదిలోకి వెళ్లాను. నల్లగుడ్డలు లేవు. యంత్రం ఉండే చోట నడుమెత్తు ఇటుక దిమ్మె, నేలలోంచి మొలిచినట్టుంది. దాని మీద ఏనుగు గెంతినా కదలదు. దాని పక్కన నా టేకు పలక, తన రెండు కాళ్ల మీద తాను ఉంది. పలకకీ దిమ్మెకీ మధ్య నా అరచెయ్యి దూరింది. నిలువుగా దూరింది, అడ్డంగా కూడా దూరింది. ఎక్కడా ఒకదానికొకటి తగల్లేదు.

నెల రోజులు! దోమకి నెత్తురు పోశాను. తుమ్ము మింగాను. దొంగలాగా ఊపిరి పీల్చాను. నా బరువు ఈ లోకంలో దేనికీ ఆధారం కాదు.

పలక మీద చుట్టి పెట్టిన కాగితం ఒకటి పడుకోబెట్టి ఉంది. విప్పాను. మూడు పెద్ద కాగితాలు అంచులు కలిపి అతికించిన బొమ్మ. మనిషంత పొడుగు. అందులో ఒక మనిషి కిటికీ వెలుగులో, పలక మీద వెల్లకిలా పడుకుని హాయిగా నిద్రపోతున్నాడు. నోరు కొద్దిగా తెరుచుకుంది. చొక్కా మీద గుడ్డు పెంకు ముక్క. ఎవరో అలిసిపోయిన మనిషి, ఇప్పుడు అలసట తీరుతున్న మనిషి. ఎక్కడా వణుకు లేదు. చెవి అంచు కూడా గీత గీసినట్టు ఉంది.

ఆ చెవి నేను గుర్తుపట్టాను. మనిషిని గుర్తుపట్టడానికి ఇంకొంచెం టైము పట్టింది.

సాయంత్రం బొమ్మ భుజాన వేసుకుని ఇంటికి తెచ్చాను. మా ఆవిడ విప్పి చూసి, "అబ్బ, నీ చెవులు!" అంది మొదట. ఆ తర్వాత మేకులూ సుత్తీ తెచ్చింది.

మా ఇంట్లో ఒక గోడకి తలుపు, ఒక గోడకి కిటికీ. మనిషంత బొమ్మ అడ్డంగా పట్టే గోడ లేదు. తలుపు పక్కన మూడడుగుల చోటు ఉంటే, అక్కడ బొమ్మని నిలువుగా పెట్టించింది. ఇప్పుడు నేను గోడ మీద నిలబడి ఉన్నాను, కళ్లు మూసుకుని, నిటారుగా, గజంబద్దలాగా.

"నువ్వు ఇంత తిన్నగా నిలబడగా పెళ్లైనప్పటినుంచీ చూడలేదు," అంది మా ఆవిడ.

పైన రెండు మేకులు చాలంది. నేను పైన నాలుగు, కింద నాలుగు కొట్టాను. నిలబడ్డదేదైనా పడుతుంది కదా.